తొమ్మిదికి లొంగనివి

ఖాళీ ఎంత మిగిలిందని అడిగినానంతే,
రెండే అక్షరాల మాట.
జవాబు లేదు.
తెరమీద కర్సర్ మాత్రం రెప్పలు కొట్టుకుంటా నిలబడింది
అయివారు పేరు పిలిస్తే లేచి
ప్రశ్న మర్చిపోయిన పిల్లోడి మాదిరి.

ఆదోని పత్తి యార్డు. రాత్రి రెండున్నర.
గేటు దాటి శిరుగుప్ప రోడ్డు దాకా బండ్లు.
కాటా మీదికెక్కిన ట్రాక్టరు అట్లే ఉంది
చీటీ రాక, దిగలేక.

కంట్రోల్ సీ నొక్కినాను. మళ్ళీ నొక్కినాను.
బావిలో రాయేస్తే చప్పుడన్నా వస్తుంది.
ఇంకో కిటికీ తెరిచి, కిల్ అని రాసి, తొమ్మిది వేసినాను.
తొమ్మిదికి లొంగనిది లేదని నేర్పినారు
కర్నూలులో, రెండో అంతస్తులో, మూడు వేల ఫీజుకు.
ఇది లొంగలేదు.
పేరు పక్కన ఒంటరి అక్షరం: డి.
డిస్కు కోసం కూచుందని అర్థం.
డిస్కు పలికిందాకా
చావు కబురు కూడా దాని చెవికెక్కదు.

లోడు చూస్తే నలభై, డెబ్బై, నూటపది.
ప్రాసెసరు చూస్తే పనిలేక చల్లగా ఉంది.
ఇంత బరువు ఎవరు మోస్తున్నట్టు?
ఎవరూ మోయడం లేదు.
అందరూ కాచుకోనుండారు, అదే బరువు.

ఏ ఫైలు ఎవరి చేతిలో ఉందని అడిగితే
ఆ అడిగిందీ పోయి వాళ్ళ పక్కనే కూలబడింది.
అప్పుడొచ్చింది తెలివి.
తలుపు తట్టే మాటలు వద్దు,
కర్నెల్ రాసిపెట్టుకున్న చిట్టా చదివితే చాలు,
అది డిస్కు గడప తొక్కదు.
చిట్టాలో ఉంది పేరు:
పాత జిన్నింగు షెడ్డులోని డబ్బా.
పింగ్ కొడితే ఉలుకు లేదు, పలుకు లేదు.

తాడు కోసేయొచ్చు. ఆ ఆదేశమూ తెలుసు.
మెత్తగా కట్టుంటే ఈపాటికి
లేదు పొమ్మని అందరినీ పంపేసేది,
సగం రాసిన తూకాలు గాలికి పోయేవి.
గట్టిగా కట్టింది నేనే, పోయిన జూన్‌లో.
ఎందుకు కట్టినానో మర్చిపోయి
ఈ రాత్రి నన్ను నేనే తిట్టుకుంటి.

కిటికీలోంచి హుసేనమ్మ కనబడింది.
పెద్దతుంబళం మనిషి, మూడు క్వింటాళ్ళ పత్తి,
చక్రానికి వీపానించి కూచుంది.
"మిషను పడిపోయింది, పొద్దున రామ్మా" అంటే
తల కూడా తిప్పలేదు.
"చీటీ లేకుండా యాడికి పోయేది?"
ఆమె పేరు పక్కన కూడా రాయాల ఆ అక్షరం.

కోసే మాట టైపు చేసుంటి.
ఒక్కో అక్షరం వెనక్కి చెరుపుకుంటా వచ్చి
టార్చి పట్టుకుని షెడ్డుకు నడిచినాను.
చెప్పుల కింద దూది.

ఉరుకుందప్ప ముసుగుతన్ని ఉన్నాడు.
గోడ ప్లగ్గులో దోమల మందు మిషను
ఎర్రగా వెలుగుతా ఉంది.
నా స్విచ్చు వైరు కింద పడి ఉంది, కుబుసం లెక్క.
"ఊరికే మినుకుమినుకు మంటా ఉంటే, పనిలేనిదేమో అనుకుంటి గదమ్మా."
ఏమనాల? దోమలూ నిజమే.

వైరు గుచ్చి వెనక్కి ఉరికినా.
నేను కుర్చీ చేరకముందే ప్రింటరు మొదలుపెట్టింది
పదిహేడు చీటీలు, వరసగా,
ఆలస్యం గురించి ఒక్క మాటైనా లేకుండా.
ఒక్క కిలో తేడా రాలేదు.
నేనడిగిన మాట ఒక్కటే
జవాబు నోటిదాకా వచ్చినంక కూలిపోయింది.
నా తొమ్మిది దానికి అప్పుడందింది.

తెల్లారి ప్లగ్గు మీద అంటించినాను:
దీన్ని తీయరాదు.
ఉరుకుందప్ప కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి,
"ఇదెవరు చదువుతారమ్మా" అని
ఇంటికి పోయి వచ్చి
ప్లగ్గుకు పసుపు పూసి కుంకుమ పెట్టినాడు.

నాలుగు నెలలైంది.
ఎవరూ చెయ్యి పెట్టలేదు.