నూగుమంచు

శనివారం రెండో షిఫ్టు దిగేసరికి రాత్రి పదకొండు.
చేతులకింకా కటింగ్ ఆయిల్ వాసన.
గేటు బయట బలరాం ఖిలో,
స్కూటర్‌కి నాలుగు వెదురుబద్దలు నిలువునా కట్టుకుని
"ఈ రాత్రి పడుతుంది" అన్నాడు.
ఏది అని అడగలేదు.
సునాబెడలో డిసెంబరు ఆఖర్న
పడేది ఒకటే.

మంచు కాదది, మంచుకి మేనత్త కూతురు.
కురవదు. పైనుంచి రాదు.
గడ్డిపరక అంచున పసిపిల్ల చెంప మీది నూగులా
తెల్లవారుజామున నాలుగింటికి తేలుతుంది,
ఏడున్నరకి ఆనవాలుండదు.
ఆ మూడున్నర గంటల కోసం
ఏడాదంతా బద్దలకి నూనె పట్టిస్తాడు.

అతను చేసినవే అవి:
నిప్పు మీద కాచి ముక్కు పైకి వంచి,
అడుగున ఇప్పనూనె,
పాదానికి పాత ట్యూబు ముక్క.
"గుల్మార్గ్‌లో పటాలం వాళ్లిచ్చినవి పైదేశానివి.
ఇవి పొట్టంగివి. చెప్పిన మాట వింటాయి."

దేవమాలి వెనక వాలు. దారి లేదు.
స్కూటర్ని రాగిచేను గట్టున పడుకోబెట్టి
టార్చి నోట కరుచుకుని ఎక్కాను.
అతను ముందు. కుడిచేతిలో కర్ర.
నాలుగడుగులకోసారి ఆగి
నేలలోకి గుచ్చుతాడు,
ఏదో వింటున్నట్టు కాసేపుంచి, తీస్తాడు.
"పాములా?" అన్నాను.
"ఈ చలికి పాములేంట్రా" అన్నాడు.
మళ్లీ గుచ్చాడు.

పైకి చేరేసరికి తూరుపింకా తెరవలేదు.
కింద వాలంతా
సున్నం వేసిన గోడ ఆరుతున్నట్టు
చూస్తుండగానే తెల్లబడుతోంది.
నడుమ పలచగా సిల్వర్ ఓక్ చెట్లు,
ఎవరో వరసలో నాటడం మొదలెట్టి
మధ్యలో విసుగెత్తి వదిలేసినట్టు.

అతను వెళ్లాడు.
ఆ చప్పుడు ఎలా చెప్పాలి,
కోరా గుడ్డని ఆపకుండా చింపుతున్నట్టు.
ఈ చెట్టు దగ్గర ఎడమకి, ఆ చెట్టు దగ్గర కుడికి.
నడిస్తే కుంటే మనిషి,
ఎడమకాలికి మూడే వేళ్లున్న మనిషి,
రేషన్ షాపు మెట్లెక్కడానికి గోడ పట్టుకునే మనిషి
నడుము దగ్గర నీళ్లైపోయాడు.
వెనకాల తెలుపు మీద రెండు నల్లటి గీతలు,
చెట్ల మధ్య కుట్టుకుంటూ పోయిన జంటదారం.

నాకు నేర్పింది ఒక్కటే మాట:
"చెట్టుని చూడకు. సందుని చూడు."
నేను చెట్టునే చూశాను.
ఎవరైనా చెట్టునే చూస్తారు,
అంత చెట్టు ఎదురొస్తుంటే.

భుజం. చెంప. నోట్లో బెరడు.
కొమ్మ దులిపిన నూగు మెడలోంచి వీపులోకి.
నవ్వొచ్చింది.
పైనుంచి "ఒరేయ్" అనో కింద నుంచి "ఒరేయ్" అనో వినబడింది గానీ
జవాబివ్వలేదు, ఊరికే, సరదాకి.
ఆకాశం కేసి నోటి పొగ వదులుతూ పడుకున్నాను.

అప్పుడు కర్ర వినిపించింది.
గుచ్చడం. ఆగడం. తీయడం.
చీలమండ దాటని గడ్డిలో
అడుగడుక్కీ గుచ్చుకుంటూ పైకొస్తున్నాడు,
నా పేరు కాదు,
"నోర్బూ... నోర్బూ..."
అని పిలుస్తూ.

"ఇక్కడున్నా" అన్నాను.
టార్చి నా మొహం మీద చాలాసేపు ఉంది.
ఆ వెలుగు వెనక అతని మొహం నాకు కనబడలేదు.
తర్వాత చొక్కా లోంచి రాగిరొట్టె తీసి
విరిచి పెద్దముక్క ఇచ్చాడు.
ఎవరని అడగలేదు. నమిలాను.

ఎండొచ్చింది.
గీతలు ముందు మెరిశాయి, తర్వాత తడి అయ్యాయి,
చెట్టు దగ్గర ఆగిపోయిన నాదీ,
ఆగని అతనిదీ,
ఇద్దరివీ ఉత్త గడ్డి.

దిగేటప్పుడు బద్దలు తను ఎత్తుకుని
కర్ర నా చేతికిచ్చాడు.
స్కూటర్ కనబడేదాకా ఊరికే మోశాను.
గట్టు దగ్గర మాత్రం,
అతను అటు తిరిగి ట్యూబులు చుడుతుంటే,
ఒక్కసారి గుచ్చి చూశాను.
మట్టే తగిలింది.