నాలుగుకు నాలుగు

స్కోరు బుక్కు ఇంకా నా దగ్గరనే ఉన్నది.
అట్ట మీద చాయ్ గ్లాసు గుండ్రం,
లోపల ఇరవై రెండో పేజీల ఐలేషు.

లాలాపేట గ్రౌండు. ఫిబ్రవరి. ఆదివారం.
మూడు క్రికెట్ మ్యాచులు ఒకదాంట్ల ఒకటి దూరి ఆడుతుంటే
గోడ మూలకు మిగిలిన ముక్కల మేం.
లారీ ట్యూబు కోసి చేసిన హోం ప్లేటు,
ముగ్గుపిండితోని గీతలు.
"ఇదేం ఆట భయ్యా, వికెట్లేవి?"
గోడెక్కి కూసున్న పిల్లలు అడుగుడు ఆపరు.

ఐలేషు తొమ్మిదోడు.
తొమ్మిది మంది లేకుంటే ఆట లేదు గనక ఉన్నోడు.
రాణిగంజ్‌ల బేరింగుల దుకాణంల పని,
సోది చెప్పేటామె చూసి వద్దు పొమ్మన్న చేతులు,
గీతలన్నిట్ల గ్రీజు.
మూడేండ్లల్ల రెండు హిట్లు.
మిగిలినయన్ని నేను గీసిన అడ్డగీతలు.

ఆ పొద్దు మొదటి బంతి బ్యాటు అంచుకు తాకి
గులకరాయి మీదికెళ్లి పక్కకు మర్లింది.
నసీబు అన్నరు. నేను చుక్క పెట్టిన.

రెండోసారి హన్మకొండ పిలగాడు విసిరిండు.
గ్లవుల చప్పుడైనంకనే
బంతి వచ్చిందని తెలిసేటి విసురు.
అది చప్పుడు కాలేదు.
ఇద్దరి నడుమకెళ్లి గడ్డిల పోయింది.
ఎట్ల కనవడ్డదిరా అంటే
"ఎర్ర దారం కనవడ్డదన్నా,
మా అవ్వ బొంత కుట్టినట్టు
తిరుక్కుంట వచ్చింది" అన్నడు.

మూడోసారి ఒక బూటు ఊడిపోయింది.
ఒంటి బూటుతోని రెండు బేసులు.

నాలుగోసారికి మేం రెండు పరుగులు ఎనక,
బేసుల మీద ఇద్దరు.
క్రికెటోళ్లు గూడ ఒకలిద్దరు ఇటు మళ్లిన్రు.
చప్పుడు ఎట్లుండెనంటే,
కొత్త తలుపు గొళ్లెం
ఒక్కపారి సరిగ్గ పడ్డట్టు.
బంతి గోడ దాటి, రైల్వే క్వార్టర్ల డాబా మీద
ఎవరో ఎండబెట్టిన వడియాలల్ల పడ్డది.

ఆ ముచ్చట ఐలేషుకు తెల్వదు.
తల దించి ఉరికిండు.
ఎవ్వడు విసరని బంతికి బెదిరి
రొమ్ము మీద జారి ప్లేటు పట్టుకున్నడు.
ముగ్గు, దుమ్ము, నోట్లె మన్ను.
మేమంతా మీదవడి నవ్వుతుంటే
"అవుటా?" అని అడిగిండు.

ఇసొంటి దానికి బుక్కుల
గడి మొత్తం పెన్సిలుతోని నింపాలె.
ఎన్నడు నింపినోణ్ణి కాదు,
నలుపు గీత దాటి పక్కకు పోయింది.

బంతి ఇయ్యనన్న ఆమె, కొట్టినోణ్ణే రమ్మన్నది.
పోయిండు. అరగంటకు వచ్చిండు,
ఒక చేతిల బంతి, ఒక చేతిల గుప్పెడు వడియాలు.

సోమవారం దుకాణంల సేఠు అడిగిండట,
రొమ్ము మీద ఆ గీరుడేందని.
"బండి మీదికెళ్లి పడ్డ సేఠ్."
ఉన్నది చెప్పాల్నంటే
ముందు ఆటంత చెప్పాలె గద.

ఇరవై మూడో పేజి ఎనకటి లెక్కనే,
అదే పేరు, మూడు అడ్డగీతలు.
అయిగూడ నేనే గీసిన.
కాకపోతే బుక్కు మూసినప్పుడల్లా
ఇటుపక్క నలుపు
ఆ గీతల మీదికి
కొద్ది కొద్దిగ అంటుకుంటున్నది.