మీరు ఇప్పుడు ఏడున్నరు

ఫోన్ల పార్సిల్ పిల్లగాడు అడిగినప్పుడల్లా
వ్యాను దిగి నాలుగు దిక్కులు చూస్త.
ఎడమకు కందిచేను, కుడికి కంకర మిషిను,
ఎదురుంగ మైలురాయి, సున్నం రాలి
కుర్తి పన్నెండు అని మాత్రం మిగిలింది.
కల్వకుర్తా, ఇంకేదన్న కుర్తా
నాకైతే తెల్వదు తమ్మీ.

లొకేషన్ పెట్టు అక్కా అంటడు.
పెట్టిన.
వాడు బయలెల్లేసరికి మా ఆయన బండి స్టార్ట్ చేసి
ఆ నీలం చుక్కను ఆడనే ఇడిసిపెట్టి
పదకొండు కిలోమీటర్లు జరిగిండు.

మా ఇల్లు డీసీఎం వ్యాను.
ముందల మేము, ఎనుక రంగులరాట్నం,
విప్పి పేర్చిన పన్నెండు తొట్లు.
మాఘంల చెర్వుగట్టు, దాని ఎంబడే మన్యంకొండ,
కార్తీకంల కురుమూర్తి, ఆన్క మల్దకల్.
దేవుండ్లందరికీ పర్మనెంట్ అడ్రసులున్నయి.
తిరిగేది మేమే.

బ్యాంకు కాయితం మీద ఇంటి నంబరు అని ఒక గడి.
మా ఆయన బండి నంబరు రాసిండు.
మేనేజరు నవ్వలేదు. కొట్టేసి
సరైన చిరునామా తెమ్మన్నడు.
అప్పటి సంది మా ఉత్తరాలన్నీ
మిర్యాలగూడ రోడ్డు మీది అండాలమ్మ హోటల్‌కు పోతయి.
ఆమెకు చదువు రాదు.
కవరు అటుఇటు తిప్పి, మాదో కాదో ఎట్లనో పట్టుకుంటది,
శెనగపిండి డబ్బా కింద దాస్తది.
ఆధార్ కార్డు మీద నా మొఖానికి
ఇప్పటికీ బజ్జీల నూనె మరక.

ఒకసారి ఆ డబ్బా కింద పెండ్లిపత్రిక దొరికింది.
మా ఆడిబిడ్డ కూతురిది.
మూలలకు పెట్టిన పసుపు తెల్లబడ్డది.
లగ్గం తారీఖు చూసి వేళ్లు లెక్కపెట్టిన,
అప్పటికే పిల్లకు ఏడో నెల.
పెండ్లికి పెట్టాల్సిన చీర శ్రీమంతానికి పెట్టినం.
ఆమె కట్టుకున్నది, ఏమనలేదు.

బేరింగు మాత్రం ఆలస్యాన్ని ఓర్వదు.
ఊర్కొండపేట జాతర రేపనంగ
రాట్నం సగం తిరిగి మొరాయించింది.
హైదరాబాదుల బస్సుకు ఏసిన్రు.
కండక్టర్ బిక్షమయ్య దాన్ని ఒళ్లె పెట్టుకొని వచ్చి
క్రాస్ రోడ్డు కాడ, బస్సు ఇంకా ఆగకముందే
కిటికీల నుంచి చాపితే
మా ఆయన ఉరికి రెండు చేతుల అందుకున్నడు.
మా పిల్లలు పుట్టినప్పుడు గూడ
అంత భద్రంగ పట్టుకోలేదు.

అవన్నీ ఆయన పేరు మీద వస్తయి.
బేరింగు ఆయనది, కిస్తీ నోటీసు ఆయనది.
కార్గో కౌంటర్ కాడ నేను ఊకె పక్కన నిలబడత.
లోపలి మనిషి ఒక్కొక్కరి పేరు పిలుస్తడు,
వాళ్లు "ఆఁ, నేనే" అనుకుంట ముందుకు పోతరు.
నాకు ఆ నేనే మీద
చానా రోజుల సంది పానం.

ఈ దసరా ఎన్క బాలానగర్ కాడ
సీతాఫలాలు కొన్న,
అప్పుడప్పుడే కండ్లు తెరిచినవి.
డబ్బాల గడ్డి పరిచి, తాడు బిగించి కౌంటర్ల పెట్టిన.
చేరవలసింది: కాశమ్మ, దేవరకొండ బస్టాండు.
పంపినోళ్లు?
కాశమ్మ.
రెండు పేర్లూ ఒకటేనా?
ఒకటే రాయి బిడ్డా.
ఊరు?
నిన్నటిదా రేపటిదా అని అడగబోయి
బాలానగరే అన్న.

మూడు రోజులల్ల పోతమనుకుంటే ఐదు పట్టింది.
తొవ్వల టైరు, ఆన్క ముసురు.
దేవరకొండల దిగంగనే బస్టాండుకు నడిచిన.
పేరు పిలువక ముందే డబ్బా కనబడ్డది,
గోడ వెంబడి నల్లటి గీత
సక్కగ దానిలకే పోతున్నది.
"ఏం పంపిన్రమ్మా మీవోళ్లు,
ఆఫీసు నిండ చీమలాయె" అని కసిరిండు.
ఎవరిదమ్మా ఇది?
ఆఁ, నేనే అన్న. నాదే అనాల్నట,
అది గూడ సరిగ రాలేదు.

వేలిముద్ర ఏసి డబ్బా దులుపుకుంట అడిగిన,
ఆయన్ను కాదు, వాటినే:
బ్యాంకోళ్లకు దొర్కకపోతిమి,
ఫోన్ల చుక్కకు దొర్కకపోతిమి,
మీకెవరు చెప్పిన్రే?