నాచు చారు వండని రోజు

నవంబరులో ఒక గురువారం
మా బూసాన్‌లో ఎవరూ నాచు చారు తాగరు.
నాచు జారుతుంది, దాంతోపాటు మార్కులూ.
నేనూ ఆ పూటకి పెద్ద గిన్నె బోర్లించి
మొలకల చారు కాస్తాను.
ఎదురు బడి గేటుకి
తల్లులు జిగురు మిఠాయి అంటిస్తుంటారు.
మా భాషలో పరీక్ష పాసవడాన్ని
అతుక్కోవడం అంటాం.

అతికించడం నాకు తెలుసు.
పదిహేనో ఏట బూట్ల ఫ్యాక్టరీలో చేరాను.
రోజుకి ఆరు వందల సోళ్లు.
తమ్ముడి ఫీజులన్నీ ఆ జిగురులోంచే.
నా పేరు మల్‌సున్.
ఆడపిల్లలు ఇక చాలు అని
దేవుడికి అర్థమయ్యేలా పెట్టిన పేరు.

కల మాత్రం
ఏ అర్ధరాత్రో చెప్పకుండా వస్తుంది.
పొడుగు హాలు, గోడ గడియారం.
నా హాల్ టికెట్ నంబరు నాలుగు వందల పదిహేడు,
ఫ్యాక్టరీలో జేబు మీద కుట్టిన నంబరే.
కాపలా తిరిగేది మా లైన్ ఫోర్‌మన్.
ప్రశ్నపత్రం తిప్పితే రబ్బరు సోలు.
పెన్ను బదులు బ్రష్షు.
పక్క పిల్ల చకచకా రాసేస్తోంది,
నాకు డబ్బా మూతే రావడం లేదు.
ఎప్పుడూ అక్కడే మెలకువ.

"పరీక్ష కల పాసైనవాళ్లకే వస్తుందక్కా" అన్నాడు తమ్ముడు,
రిటైరైన లెక్కల మాస్టారు,
చారులో అన్నం కలుపుకుంటూ.
వాడికీ వస్తుందట.
లేచి, హమ్మయ్య అనుకుని,
అటు తిరిగి పడుకుంటాడట.
మరి రాయని పరీక్ష ఎందుకొస్తుందిరా
అని అడగలేదు.
ఇంకాస్త కిమ్చీ వడ్డించాను.

ఈ ఏడు, గేటు మూసే వేళకి
పోలీసు మోటారు సైకిలు మీంచి ఒక పిల్ల దూకింది.
కుడి బూటు సోలు ఊడి
కుక్క నాలుకలా వేలాడుతోంది.
నా వంటింటి చెప్పులు విప్పిచ్చాను.
పెద్దవి. టపటపలాడించుకుంటూ పరిగెత్తింది.

మధ్యాహ్నం ఇంగ్లీషు వినే పరీక్షకి
ఆకాశంలో విమానాలు ఆపేశారు.
ఊరంతా ఊపిరి బిగబట్టిన ఆ అరగంటలో
బల్ల మీద బూటు పెట్టుకుని కూర్చున్నాను.
జిగురు డబ్బా మూత
ఒక్క తిప్పుకే వచ్చింది.
పూసి, ఆరనిచ్చి, నొక్కిపట్టి
వంద లెక్కపెట్టాను.
వేళ్లు ఏదీ మర్చిపోలేదు.

చీకటి పడ్డాక పిల్ల వచ్చింది.
ఎలా రాశావని అడగలేదు.
బూటు తొడుక్కుని
నేలకేసి రెండుసార్లు తన్ని చూసి
"అతుక్కుందమ్మమ్మా" అంది.

గిన్నెలు కడగాలని
లోపలికి వెళ్లిపోయాను.