సబ్‌టైటిల్

సాలిగ్రామంలో మేడ మీద గది.
ఏసీ హోరులో పక్కింటి కుక్కర్ కూత కూడా వినపడదు.
తెర మీద మస్తానమ్మ ఆగిపోయి ఉంది,
నోరు సగం తెరిచి,
ఇరవై మూడో సెకను దగ్గర.

పుళియాంతోపులో తీశాం.
పార్టీ వాళ్లడిగింది రెండే నిమిషాలు:
ఒక ముసలామె, ఒక కొత్త కుళాయి,
కళ్లల్లో కాస్త తడి.
గ్లిజరిన్ సీసా జేబులోనే ఉండిపోయింది.
కెమెరా ముందు కుదురుగా కూర్చుని
ఆమె ఎందుకో అరవం వదిలేసింది.
వాళ్ల తాత నెల్లూరు నుంచి చీపురుతో పాటు తెచ్చుకున్న తెలుగులో
"మావోడు దిగిన గుంత అదో, ఆ కుళాయి పక్కనే సామీ.
తాడన్నా కట్టకుండా దింపినారు.
కాయితంలో వాడు దిగనే లేదంట.
మరి యాడికి పోయినట్టు?" అంది.

యూనిట్లో పదకొండు మందిమి.
తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.
కెమెరా వెనక ఇళంపరిది కళ్లు తుడుచుకుంటూ
"ఏమంటోంది సార్?" అన్నాడు.
"దణ్ణం పెడుతోంది" అన్నాను.

పదిహేనేళ్ల కింద నేనూ ఒక నిజం తీశాను,
ఉప్పుమళ్లలో కాళ్లు పగిలిన వాళ్ల మీద.
పద్నాలుగు మంది చూశారు.
అందులో ఇద్దరు ప్రొజెక్టర్ వాళ్లు.

ఇప్పుడు ఆమె గొంతు దించి
వేణువు పెంచాను.
"యాడికి పోయినట్టు" దగ్గర పెదవి వణుకుతుంది.
అక్కడ కట్ చెయ్యలేదు. బాగా వచ్చింది.
కింద తెల్లటి తమిళ అక్షరాలు నేనే రాశాను:
'ఇంటికి నీళ్లొచ్చాయి. నా కొడుకు ఉంటే మురిసిపోయేవాడు.'

కొడుకుని మాత్రం తీసెయ్యలేదు.
అదొక్కటీ నా నిజాయితీ అనుకున్నాను.
అదే సినిమాకి ప్రాణం, అన్నారు వాళ్లు,
చెక్కు మీద సంతకం పెడుతూ.

ఎన్నికలకి తొమ్మిది రోజులుందనగా
ఆమె వీధి మలుపులోనే వ్యాన్ ఆగింది.
టీ బంకు వెనక, టోపీ దించుకుని నేను.
మనవరాలు కార్పొరేషన్ బడిలో చదివే పిల్ల,
కూడబలుక్కుని చదివి చెబుతోంది:
"అవ్వా, నాయన ఉంటే మురిసిపోయేవాడని చెప్పినావంట."

మస్తానమ్మ తెర మీది తన నోటినే చూస్తోంది,
అద్దం అవతల ఎవరో పిలుస్తుంటే
చూసినట్టు.
"నేనా?"

పిల్ల తలూపింది. చప్పట్లు కొట్టారెవరో.
వ్యాన్ పక్క వీధికి తిరుగుతోంది.

"మళ్లా ఒకసారి ఎయ్యమనవే," అంది.
"నా మాట నాకు ఇనబళ్ళా."