ఎడమచేతి కుట్టు

మా అటక గదిలో అద్దెకుండే ట్రాస్క్ గారు
మనసు మీద పుస్తకం రాస్తున్నారు.
మూడు చలికాలాలైంది, మొదటి పేజీ దాటలేదు.

బొగ్గులు తీసుకెళ్ళిన ప్రతి రాత్రీ
మనసు ఇంకోటైపోయి ఉంటుంది.
సోమవారం మైనపు ముద్ద,
ఉంగరం ఎక్కడ నొక్కితే అక్కడ ముద్ర.
బుధవారానికి చీకటి గది:
తలుపు కంతలోంచి ఒక్క వెలుగు చార,
గోడ మీద తలకిందులుగా నడిచే వీధి.
ఒకసారి గడియారం. ఒకసారి టంకసాల.
గుండెనైతే ఉక్కన్నారు, కోటన్నారు,
కిటికీలో పెడితే గాలికే మోగే తంత్రులన్నారు.
ఆ రాత్రి బూట్లు విప్పకుండానే పడుకున్నారు.

నాకు చదువు రాదు.
వింటాను, బూడిద ఎత్తుకుని దిగిపోతాను.

నిన్న మాత్రం కూర్చోమన్నారు.
"దొరికింది, డోర్కస్!
పుట్టిన బిడ్డ మనసు తెల్లకాగితం.
ఏ మరకా లేనిది."
కాగితం ఒకటి దీపానికి అడ్డంగా ఎత్తి చూపించారు.

నవ్వాపుకోలేకపోయాను.
అయ్యా, ఆ కాగితం నాకు తెలుసు.

పదకొండేళ్ళుగా మెడ్వే ఒడ్డు మిల్లులో
నిలువు కత్తి ముందు నిలబడి
చింకిగుడ్డలు కోసేది నేనే.
బొత్తాలు తెంపుతాను, కుట్లు విప్పుతాను.
లండన్ నుంచి మూటలొస్తాయి.
నావికుల చొక్కాలు, ఆసుపత్రి దుప్పట్లు,
ఎవరో పెళ్ళికూతురి లోపావడా.
ఎవరివో ఎవరూ చెప్పరు,
వాసన మాత్రం కొంత చెబుతుంది.
అన్నీ కలిపి కుళ్ళబెడతాం.
ఇనప రోకళ్ళు రాత్రీపగలూ దంచుతాయి.
గంజిలా అయ్యాక జల్లెడకెత్తి, ఆరేసి,
ఎద్దు తోలు కాచిన జిగురులో ముంచుతాం.
ముంచకపోతే మీ సిరా నిలవదు,
ఊరికే పాకిపోతుంది.

పోయిన ఫిబ్రవరిలో ఒక పసిబిడ్డ చొక్కా వచ్చింది.
మెడ దగ్గర కుట్టు ఎదురు వాటం.
ఎడమచేతి కుట్టు.
మా చెల్లెలు కెటూరాది ఎడమచేయి.
సదర్క్‌లో పనికి పోయి ఆరేళ్ళు,
కబురు లేదు. బిడ్డ ఉందనీ తెలియదు.
ఎడమచేతివాళ్ళు లోకంలో ఎంతమంది లేరు?
మేస్త్రీ చూస్తున్నాడు.
కత్తికి ఆనించి లాగేశాను.

ఆ నెల కాగితమే మీ చేతిలోది అనను.
కాదనీ అనను.

ట్రాస్క్ గారు కాసేపు కదల్లేదు.
తర్వాత కుర్చీ తన్నుకుంటూ లేచి
"చింకిగుడ్డల మూట! మనసంటే చింకిగుడ్డల మూట!" అని
కొత్త కాగితం లాక్కున్నారు.

నేను చెప్పింది మనసు గురించి కాదు,
చొక్కా గురించి.

చెప్పలేదు. బూడిద తట్ట ఎత్తుకున్నాను.
మెట్లన్నీ దిగేదాకా పైన కలం గీకుతూనే ఉంది.

పడుకోబోయే ముందు
ఎడమచేత్తో సూదిలో దారం ఎక్కించి చూశాను.
నాలుగోసారికి ఎక్కింది.