రాని బాకీ

మార్చి పదిహేడు. ఏటూరునాగారం బస్సు.
ఒళ్లో రెక్జిన్ సంచి, సంచిల నీలం ఫైలు,
ఫైలు మీద మా మేత్రాసనం ముద్ర,
ముద్ర కింద నా చేతిరాత:
పిల్లలు నూట పదకొండు, టీచర్లు ఆరుగురు.
మూసివేత, పరిశీలన నిమిత్తం.

ఫాతిమానగర్ ఆఫీసుల ఇరవై రెండేండ్లుగా
కూడికలే నా కొలువు.
గుర్తింపు రెన్యువల్, ఫైరోళ్ల కాగితం,
ఎయిడెడ్ పోస్టుల కోసం గడపలు అరగదీసుడు.
రిటైరైన సారు కుర్చీ మళ్లీ నిండదు,
ఆ కుర్చీల ఎవర్నో కూసోబెట్టిన జీతం మాత్రం
ఒకటో తారీఖు నా బల్ల మీదికి నడిచొస్తది.
"ఇన్నాసీ, పెద్ద బడి చిన్న బళ్లను ఎన్నాళ్లు మోస్తది?"
ఫాదర్ అడిగింది కోపంతోని కాదు.
హనుమకొండ బడి బస్సులకు టైర్లు మార్చాలె,
ఆయనకూ నిద్రలేదు.

మల్లంపల్లి దాటినంక కండక్టర్
చిల్లర లేదని నా టికెట్టు వెనక
ఏడు అంకె వేసి చుట్టూ సున్న చుట్టిండు.
దిగేటప్పుడు తీసుకో సార్ అన్నడు.
నేను దిగిన. ఇద్దరం మరిచిపోయినం.

గేటు కాడ వేలాడే రైలుపట్టా ముక్క,
అదే గంట.
సిస్టర్ జసింత ఫీజుల పుస్తకం తెచ్చి ముందర పెట్టింది.
మేం అచ్చువేసి పంపిన పుస్తకమే,
రిమార్కుల గడి అరంగుళం.
ఆమె పాత క్యాలెండర్లు కత్తిరించి, అంబలితోని అతికించి,
ఆ గడిని జానెడు చేసుకున్నది.

నాకు కావలసింది మొత్తం.
ఆమె పేర్లు చూపెట్టింది.
అజ్మీరా సుమన్, ఏడు: మిర్చి ఎనుమాముల పోయింది, రేటు పడిపోయింది.
ఈసం రజిత, నాలుగు: తల్లి ఇప్పపువ్వుకు పోతున్నది, తెల్లారకముందే.
నజీర్, ఐదు: బాయి మోటరు కాలింది. మళ్లా కాలింది.
జాతర ఏడు పేజీల పద్నాలుగు పేర్ల పక్కన
ఒకటే మాట: మేడారం.
పిల్ల నిలువెత్తు బెల్లం తూచిన ఇంట్ల
పిల్ల ఫీజుకు తూకంరాళ్లు మిగల్లేదు.

"సిస్టర్, ఇవి లెక్కలు కావు."
"లెక్కలే సార్.
ఎవర్ని ఎప్పుడు అడగొద్దో రాసుకున్న."

అంతల గంట కొట్టిండ్రు.
నూట పదకొండు మందిల మా విచారణ పిల్లలు తొమ్మిది మంది.
మిగతా గొంతులు తండావి, గూడెంవి,
మసీదు గల్లీవి.
చేతులు జోడిచ్చి అందరూ పరలోక జపం అందుకున్నరు,
ఎక్కాలు చెప్పినట్టే, ఒకే ఊపుల.
అప్పుల మాట కాడికి వచ్చేసరికి
నా నాలుక నిలబడ్డది.
ఆ జపం పాపమని అనదు, సూటిగ అప్పు అంటది.
చిన్నప్పటి సంది చెప్తనే ఉన్న,
బాకీల పుస్తకం చంకల పెట్టుకొని
ఎన్నడూ చెప్పలేదు.
మొదటి వరుసల ఒక పిలగాడు
కన్ను ఓరగ తెరిచి నన్నే చూస్తున్నడు.
నజీరే కావొచ్చు. అడగలేదు.

నెలాఖరు మీటింగుల రిపోర్టు చదివిన.
రెండు లక్షల పదహారు వేలు.
రాని బాకీ అనే మాట నేనే కొట్టేసి
ఆగిన బాకీ అని దిద్దిన.
మూసివేత ఎదురుంగ
మిర్చి అమ్ముడైనంక మళ్లీ చూడవలెను అని రాసిన.
మిర్చి ఏ ఏడాదిదో రాయలేదు.
ఫాదర్ టైర్ల కొటేషన్ మడిచి జేబుల పెట్టుకున్నడు.
మేత్రాణులు కళ్లద్దాలు తీసి, తుడుచుకొని,
కింద ఒక గీత గీసిండ్రు.
అది సమ్మతో, సందేహమో
ఇప్పటిదాక తెల్వదు.

ఫైలు మూస్తుంటే జారిపడ్డది టికెట్టు.
వెనక ఏడు, చుట్టూ సున్న.
కండక్టర్ పేరు కూడ తెల్వదు.
గుండుసూదితోని
ఆ కాగితాల పైనే గుచ్చిపెట్టిన.